తల ఊపిన జనరల్

1863 జులై 3. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైన ఫిరంగుల మోత అప్పుడప్పుడే సద్దుమణుగుతోంది. చెట్ల చాటున పన్నెండు వేలమందికి పైగా సైనికులు వరసలు కట్టి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళ ముందు ముక్కాలు మైలు మేర బోడి పొలాలు. అవతల చిన్న గట్టు. దాని మీద రాతిగోడ, గోడ వెనక శత్రువుల తుపాకులు, ఫిరంగులు.

జార్జ్ పికెట్ అనే డివిజన్ కమాండర్ తన పైఅధికారి దగ్గరికొచ్చి, ఇక బయల్దేరమంటారా అని అడిగాడు. ఆ పైఅధికారికి నోట మాట రాలేదు. ఈ దాడి కుదరదని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. వినలేదు ఎవరూ. ఇప్పుడు ఆజ్ఞ ఇవ్వాల్సింది తనే. చివరికి తల మాత్రం ఊపాడు. పికెట్ అదే అనుమతి అనుకుని కదిలాడు.

గంటలో అంతా అయిపోయింది. వెళ్ళినవాళ్ళలో సగం మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు.

ఆ తల ఊపిన మనిషి పేరు జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యానికి అత్యంత నమ్మకమైన జనరల్స్‌లో ఒకడు. తమాషా ఏంటంటే, ఆ దాడి వద్దన్న ఆయన్నే తర్వాత దక్షిణాది వాళ్ళు గెటిస్‌బర్గ్ ఓటమికి బాధ్యుణ్ణి చేశారు. యుద్ధం గెలిస్తే పేరు రాజుది, ఓడితే తప్పు సేనాపతిది అంటారు కదా! కానీ లాంగ్‌స్ట్రీట్ విషయంలో అసలు కారణం అది కూడా కాదు. ఆయన చేసిన ‘నేరం’ యుద్ధం ముగిశాక చేసింది. అదేమిటో తెలియాలంటే కథ మొదటి నుంచీ చూడాలి.

ఎందుకొచ్చిన యుద్ధం?

1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షలమంది నల్లజాతివాళ్ళు బానిసలుగా బతుకుతున్నారు. దక్షిణాది రాష్ట్రాల పత్తి తోటలన్నీ వాళ్ళ చెమట మీదే నడిచేవి. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వనన్న అబ్రహాం లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికవగానే దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే దేశం నుంచి విడిపోయాయి. మొత్తం 11 రాష్ట్రాలు కలిసి ‘కాన్ఫెడరసీ’ పేరుతో వేరు కుంపటి పెట్టాయి. 1861 నుంచి 1865 దాకా నాలుగేళ్ళు అన్నదమ్ములే తలలు నరుక్కున్నారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా ఆరు లక్షలమందికి పైగా చనిపోయారు.

లాంగ్‌స్ట్రీట్ పుట్టింది 1821 జనవరి 8న, సౌత్ కరొలైనాలో. పెరిగింది జార్జియాలో. తండ్రికి పత్తి తోట ఉండేది, బానిసలూ ఉండేవాళ్ళు. పన్నెండో ఏట తండ్రి కలరాతో పోయాడు. బాబాయి అగస్టస్ దగ్గర పెరిగాడు. ఆ బాబాయి న్యాయవాది, రచయిత, మతబోధకుడు, బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన మనిషి. కాబట్టి మన కథానాయకుడు ఏ పక్షాన నిలబడతాడో ముందే తేలిపోయినట్టే.

వెనక బెంచీ కుర్రాడు

వెస్ట్ పాయింట్ సైనిక అకాడెమీలో లాంగ్‌స్ట్రీట్ చదువు అంతంత మాత్రం. 1842లో 56 మంది బయటికొస్తే ఆయన ర్యాంకు 54! కండ పుష్టి, అల్లరి మాత్రం పుష్కలం. అక్కడే తనకంటే ఒక ఏడాది జూనియర్ అయిన ఒక మొహమాటస్తుడితో స్నేహం కుదిరింది. ఆ కుర్రాడి పేరు యులిసిస్ గ్రాంట్. గ్రాంట్ చేసుకున్న జూలియా డెంట్ లాంగ్‌స్ట్రీట్‌కి దూరపు చుట్టం. 1848లో వాళ్ళ పెళ్ళికీ వెళ్ళాడు.

అంతకు ముందు ఏడాదే మెక్సికో యుద్ధంలో చాపుల్టెపెక్ కోట మీద దాడి జరిగింది. జెండా పట్టుకుని ముందు నడుస్తున్న లాంగ్‌స్ట్రీట్ తొడలోకి తూటా దూసుకుపోయింది. పడిపోతూ ఆ జెండాను పక్కనున్న కుర్ర అధికారి చేతికిచ్చాడు. ఆ కుర్ర అధికారే జార్జ్ పికెట్. పదహారేళ్ళ తర్వాత గెటిస్‌బర్గ్‌లో తల ఊపింది ఇతగాడి ముందే.

గ్రాంట్ గురించి లాంగ్‌స్ట్రీట్ ఒక ముచ్చట చెప్పుకునేవాడు. గ్రాంట్ ఉద్యోగం పోగొట్టుకుని, చిరిగిన జేబులతో తిరుగుతున్న రోజుల్లో ఇద్దరూ సెయింట్ లూయిస్‌లో కలుసుకున్నారట. ఎప్పటిదో పాత బాకీ అంటూ గ్రాంట్ అయిదు డాలర్ల బంగారు నాణెం చేతిలో పెట్టాడట. వద్దన్నా వినలేదట. తనది కానిది తన దగ్గర ఉంచుకోలేనన్నాడట. మళ్ళీ వాళ్ళు కలుసుకునేసరికి ఒకరు గెలిచిన సైన్యానికి అధిపతి, ఇంకొకరు ఓడిన సైన్యంలో జనరల్.

ఒకే వారంలో ముగ్గురు బిడ్డలు

యుద్ధం మొదలయ్యేనాటికి లాంగ్‌స్ట్రీట్ న్యూ మెక్సికోలో సైనికులకు జీతాలు పంచే మేజర్. ఉద్యోగానికి రాజీనామా చేసి దక్షిణాది సైన్యంలో చేరాడు. 1861 జూన్‌లో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. నెల తిరిగేసరికి వర్జీనియాలో బుల్ రన్ వాగు దగ్గర మొదటి పరీక్ష. జులై 18న బ్లాక్‌బర్న్స్ ఫోర్డ్ అనే రేవు దాటబోయిన ఉత్తరాది దళాలను ఆయన బ్రిగేడ్ వెనక్కి తరిమింది. తుపాకి మోతకు బెదిరి వెనుదిరిగిన తన కొత్త సైనికుల్ని, గుర్రం మీద అడ్డంగా నిలబడి, కత్తి దూసి మళ్ళీ ముందుకు నడిపించాడు. మూడు రోజుల తర్వాత జరిగిన మనాసస్ పోరులో దక్షిణాది గెలిచింది.

ఆ రోజుల్లో ఆయన బస అంటే సందడి. పేకాట, విస్కీ, నవ్వులు. 1862 జనవరిలో ఆ సందడి ఆగిపోయింది. రాజధాని రిచ్‌మండ్‌లో స్కార్లెట్ ఫీవర్ అనే అంటువ్యాధి ప్రబలింది. కబురందుకుని లాంగ్‌స్ట్రీట్ పరుగున వెళ్ళాడు. ఏడాది పాప, నాలుగేళ్ళ బాబు, ఆరేళ్ళ బాబు... వారం తిరక్కుండా ముగ్గురూ పోయారు. పదమూడేళ్ళ పెద్దకొడుకు చావు తప్పి బయటపడ్డాడు.

కొద్ది రోజులకే మళ్ళీ సైన్యంలోకి వచ్చేశాడు. కానీ వచ్చింది పాత లాంగ్‌స్ట్రీట్ కాదు. పేకాట లేదు, నవ్వు లేదు. అవసరమైతే తప్ప మాట లేదు. ఆ తర్వాత ఆయన ప్రతి యుద్ధంలోనూ సైనికుల ప్రాణాలను లెక్కపెట్టుకుంటూ పోరాడాడని కొందరంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ, లెక్క పెట్టింది మాత్రం నిజం.

లీ కుడిచెయ్యి

ఆ మే నెలాఖరులో సెవెన్ పైన్స్ దగ్గర లాంగ్‌స్ట్రీట్ పెద్ద పొరపాటే చేశాడు. తన దళాలను వెళ్ళాల్సిన దారిలో కాకుండా వేరే దారిలో నడిపించాడు. ఆలస్యమంతా తనవల్లే జరిగితే నింద ఇంకో జనరల్ మీదకు నెట్టాడు. తర్వాత రోజుల్లో తన మీద పడ్డ నిందలకు బాధపడ్డ మనిషి, ఇదొకటి చేశాడని మర్చిపోకూడదు మరి.

ఆ పోరులోనే దక్షిణాది సేనాధిపతి గాయపడ్డాడు. ఆయన స్థానంలోకి రాబర్ట్ ఇ. లీ వచ్చాడు. రిచ్‌మండ్ చుట్టూ ఏడు రోజులపాటు జరిగిన పోరాటాల్లో లాంగ్‌స్ట్రీట్ పనితనం చూసి, ‘నా కుడిచేతిలో ఊతకర్ర’ అన్నాడట లీ. లీకి ఇద్దరు ముఖ్య సహాయకులు. ఒకడు మెరుపులా మీదపడే స్టోన్‌వాల్ జాక్సన్. రెండోవాడు నెమ్మదిగా బరువంతా కూడదీసుకుని ఒక్కసారే కొట్టే లాంగ్‌స్ట్రీట్.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో 1862 ఆగస్టు చివర్లో జరిగిన రెండో మనాసస్ యుద్ధం చూపించింది. 29వ తేదీ మధ్యాహ్నానికే లాంగ్‌స్ట్రీట్ రంగంలోకి వచ్చాడు. వెంటనే దాడి చెయ్యమని లీ సూచించినా, శత్రువు ఎంతమంది ఉన్నారో తేలనిదే కదలనన్నాడు. మర్నాడు సాయంత్రం సమయం చూసుకుని పాతిక వేలమందిని ఒక్కసారిగా వదిలాడు. ఆ యుద్ధం మొత్తంలో అంతమంది ఒకే ఊపున దాడి చేసిన సందర్భాలు చాలా అరుదు. ఉత్తరాది సైన్యం ఎడమ పక్కన కుప్పకూలింది.

మూడు వారాలు తిరక్కుండానే మేరీలాండ్‌లో యాంటీటం. సెప్టెంబరు 17 ఒక్క రోజే రెండు పక్షాలా కలిపి సుమారు 23 వేలమంది చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. అమెరికా చరిత్రలోనే అంత నెత్తురు పారిన రోజు లేదు. ఆ రోజు లాంగ్‌స్ట్రీట్ మడమకు పుండు. బూటు పట్టక ఇంట్లో వేసుకునే చెప్పు తొడుక్కుని తిరిగాడు. సైన్యం నడుమ భాగం చీలిపోతోంది. ఫిరంగి పేల్చడానికి మనుషుల్లేరు. తన సిబ్బంది అధికారులనే ఫిరంగుల దగ్గరికి పంపి, వాళ్ళ గుర్రాల కళ్ళేలు తను పట్టుకుని నిలబడ్డాడు. రాత్రి బసకు చేరిన ఆయన్ని చూసి లీ, ఇదిగో నా పాత యుద్ధాశ్వం వచ్చిందంటూ ఆనందపడ్డాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. అక్టోబరులో లెఫ్టినెంట్ జనరల్ హోదా వచ్చింది. అదే హోదా జాక్సన్‌కి ఒక్క రోజు తర్వాత ఇచ్చారు. అంటే లీ తర్వాతి స్థానం లాంగ్‌స్ట్రీట్‌దే.

రాతిగోడ నేర్పిన పాఠం

1862 డిసెంబరు 13. వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్. ఊరి వెనక మేరీస్ హైట్స్ అనే గట్టు. గట్టు కింద పల్లపు దారి, దాన్ని ఆనుకుని రాతిగోడ. గోడ వెనక లాంగ్‌స్ట్రీట్ మనుషులు వరస వెనక వరసగా నిలబడ్డారు. ముందువాళ్ళు కాల్చి పక్కకు జరిగితే వెనకవాళ్ళు నింపిన తుపాకులతో సిద్ధం. పొద్దుగూకేదాకా ఉత్తరాది దళాలు అలలు అలలుగా వచ్చాయి. ఒక్క సైనికుడు కూడా గోడను తాకలేకపోయాడు. ఆ రోజు ఉత్తరాది నష్టం సుమారు 12,600. దక్షిణాదికి అందులో సగం కూడా లేదు.

తూటాలు అందిస్తే చాలు, అవతలి సైన్యం మొత్తం వచ్చినా ఇక్కడే ఆపుతానని ఆ రోజు లీతో అన్నాడట లాంగ్‌స్ట్రీట్. అప్పటి కొత్త రకం తుపాకి పాత తుపాకి కన్నా చాలా ఎక్కువ దూరం గురిగా కాల్చేది. జనరల్స్ మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే జెండాలు పట్టించి, బాజాలు మోగించి మనుషుల్ని మైదానంలో నడిపించేవాళ్ళు. గోడ చాటునున్న ఒక్కడు మైదానంలో నడిచొచ్చే ముగ్గురితో సమానమని లాంగ్‌స్ట్రీట్‌కి ఆ రోజు కళ్ళకు కట్టింది. మంచి చోటు చూసుకుని, కందకాలు తవ్వుకుని, శత్రువునే మన మీదకు రానివ్వాలి... ఇదీ ఆయన నేర్చుకున్న పాఠం.

ఏడు నెలలు తిరిగేసరికి ఆయన మైదానం పక్కన నిలబడ్డాడు. రాతిగోడ శత్రువుకు దక్కింది.

గెటిస్‌బర్గ్: మూడు రోజులు

1863 మే నెలలో జాక్సన్ సొంత సైనికుల తూటాలకే పొరపాటున బలైపోయాడు. లీ పక్కన మిగిలింది లాంగ్‌స్ట్రీట్. జూన్‌లో సైన్యం ఉత్తరాది గడ్డ మీద అడుగుపెట్టింది. ఇక్కడొక చేదు నిజం చెప్పుకోవాలి. పెన్సిల్వేనియాలో దొరికిన నల్లజాతివాళ్ళను ఆ సైన్యం పట్టుకుని దక్షిణాదికి తరలించింది. పట్టుబడినవాళ్ళను వెంట తీసుకురమ్మని పికెట్‌కి ఆదేశం వెళ్ళింది లాంగ్‌స్ట్రీట్ కార్యాలయం నుంచే. ఆయన ఏ పక్షం కోసం పోరాడాడో ఈ ఒక్క కాగితం చాలు చెప్పడానికి.

జులై 1న గెటిస్‌బర్గ్‌లో అనుకోకుండా యుద్ధం అంటుకుంది. మొదటి రోజు దక్షిణాదిదే పైచేయి. సాయంత్రం లాంగ్‌స్ట్రీట్ దుర్బిణీతో చూశాడు. శత్రువులు వెనక్కి జరిగి గట్లెక్కి కూర్చున్నారు. వాళ్ళను ఇక్కడ కొట్టొద్దు, పక్కనుంచి చుట్టి వెళ్ళి వాళ్ళకూ వాషింగ్టన్‌కూ మధ్య మంచి చోటు చూసుకుని కూర్చుందాం, వాళ్ళే మన మీదకు వస్తారు అని లీకి సలహా ఇచ్చాడు. లీ ఒప్పుకోలేదు. శత్రువు ఎదురుగా ఉన్నాడు, ఇక్కడే కొడతానన్నాడు.

రెండో రోజు దాడి చేసే పని లాంగ్‌స్ట్రీట్‌కే పడింది. శత్రువుకు కనబడకుండా వెళ్ళాలని దళాలు వచ్చిన దారినే వెనక్కి తిరిగి చుట్టూ నడవాల్సి వచ్చింది. దాడి మొదలయ్యేసరికి సాయంత్రం నాలుగు. ఇష్టంలేని పని కాబట్టి కాళ్ళీడ్చాడని తర్వాత చాలామంది అన్నారు. ఆ రోజు ఆయనలో చురుకు తగ్గిందన్న మాటలో కొంత నిజముంది కూడా. కానీ మొదలయ్యాక మాత్రం గోధుమ చేలో, పీచ్ తోటలో, బండరాళ్ళ మధ్య ఆయన మనుషులు మూడు గంటలపాటు చేసిన పోరాటం ఆ యుద్ధంలోనే అతి భీకరమైన వాటిలో ఒకటి. గట్టు మాత్రం చిక్కలేదు.

మూడో రోజు లీ శత్రువు నడిబొడ్డు మీదకే నేరుగా దాడి అన్నాడు. లాంగ్‌స్ట్రీట్ ఇక ఉండబట్టలేక, చిన్నప్పటి నుంచీ సైనికుడిగా బతికినవాణ్ణి, పదిహేను వేలమందితో ఆ గట్టును పట్టుకోవడం ఎవరివల్లా కాదని మొహం మీదే చెప్పేశాడు. లీ వినలేదు. పైవాడి ఆజ్ఞ కాదనే వీల్లేదు. ఫిరంగుల బాధ్యత చూస్తున్న కుర్ర కల్నల్ అలెగ్జాండర్‌కి లాంగ్‌స్ట్రీట్ ఒక చీటీ పంపాడు. ఫిరంగులు శత్రువును బెదరగొట్టలేకపోతే పికెట్‌ని పంపవద్దని నువ్వే సలహా ఇవ్వాలని దాని సారాంశం. ఒక పెద్ద జనరల్ తన నిర్ణయ భారాన్ని 28 ఏళ్ళ కుర్రాడి మీద పెట్టాలని చూశాడు. ఆ రోజు ఆయన ఎంత నలిగిపోయాడో ఆ చీటీ చెబుతుంది. ఆ మనిషి బలహీనతా అందులోనే కనబడుతుంది.

తర్వాత జరిగింది మొదట్లో చెప్పుకున్నాం. వెనక్కి తిరిగొస్తున్న సైనికులకు ఎదురెళ్ళి, తప్పంతా నాదే అన్నది లీయే. మూడు రోజుల్లో రెండు పక్షాలకూ కలిపి సుమారు 51 వేల నష్టం. లీ సైన్యం మళ్ళీ ఎప్పుడూ అంత బలంగా ఉత్తరాది గడ్డ తొక్కలేదు.

చికమాగా గెలుపు, నాక్స్‌విల్ పరాభవం

సెప్టెంబరులో లాంగ్‌స్ట్రీట్‌ని రెండు డివిజన్లతో పడమటి రంగానికి రైళ్ళలో పంపారు. దగ్గరి రైలుదారి శత్రువు చేతిలో ఉండటంతో డొక్కు బోగీల్లో ఊళ్ళన్నీ చుట్టుకుంటూ వెళ్ళారు. 19వ తేదీ మధ్యాహ్నం జార్జియాలో దిగితే స్టేషన్లో పలకరించే దిక్కులేదు. చీకట్లో దారి వెతుక్కుంటూ వెళ్ళి శత్రువు కాపలాదారుల ఒళ్ళో పడబోయి తప్పించుకున్నాడు.

మర్నాడు చికమాగా వాగు పక్క అడవిలో ఎనిమిది బ్రిగేడ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి మేకు దిగ్గొట్టినట్టు కొట్టాడు. అదృష్టమూ కలిసొచ్చింది. సరిగ్గా అదే సమయానికి, ఏదో పొరపాటు ఆజ్ఞవల్ల ఉత్తరాది దళం ఒకటి వరసలోంచి పక్కకు తప్పుకుంది. ఆ సందులోంచి లాంగ్‌స్ట్రీట్ మనుషులు వరదలా దూసుకుపోయారు. ఉత్తరాది సైన్యంలో సుమారు మూడోవంతు చెల్లాచెదురైంది. జార్జ్ థామస్ అనే జనరల్ ఒక గుట్ట మీద నిలబడి కాచుకోకపోతే మొత్తం పోయేదే. పడమటి రంగంలో దక్షిణాదికి దక్కిన పెద్ద గెలుపు అదొక్కటే.

గెలిచాక కూడా ప్రధాన సేనాధిపతి బ్రాగ్ శత్రువును తరమలేదు. లాంగ్‌స్ట్రీట్‌కి ఒళ్ళు మండింది. బ్రాగ్‌ని తీసెయ్యాలన్న అధికారుల గుంపులో తనూ చేరాడు. దాంతో ఆయన్ని టెన్నెసీలోని నాక్స్‌విల్ మీదకు విడిగా పంపించేశారు. అక్కడ నవంబరు 29న ఒక మట్టికోట మీద చేయించిన దాడి ఇరవై నిమిషాల్లో విఫలమైంది. కోట చుట్టూ ఉన్న కందకం లోతు సరిగ్గా అంచనా వెయ్యలేదు. నిచ్చెనలు కూడా లేకుండా దిగిన సైనికులు అందులోనే ఇరుక్కుపోయారు. ఎనిమిది వందలమందికి పైగా నష్టం. దానికి కింది అధికారుల మీద కేసులు పెట్టాడు గానీ అవి నిలవలేదు. ఒకరి కింద గొప్ప జనరలే, సొంతంగా సైన్యం నడపడంలో మాత్రం అంత గట్టివాడు కాదన్న మాట అప్పుడే పడింది.

సొంతవాళ్ళ తూటా

1864 మే 6. వర్జీనియాలో విల్డర్‌నెస్ అనే చిట్టడవి. ఇప్పుడు ఎదురుగా ఉన్నది పాత నేస్తం గ్రాంటే. తెల్లవారేసరికి లీ సైన్యం కుడిపక్క కూలిపోతోంది. సరిగ్గా ఆ క్షణానికి లాంగ్‌స్ట్రీట్ మనుషులు పరుగున వచ్చి గండి పూడ్చారు. పొద్దెక్కాక సగంలో ఆగిపోయిన రైలు కట్ట ఒకటి కనిపెట్టి, దాని చాటున నాలుగు బ్రిగేడ్లను పంపి శత్రువు పక్కను చుట్టేశాడు.

గెలుపు చేతికందుతున్న వేళ పొగలో ఎవరో గుర్తుపట్టక సొంత సైనికులే కాల్చారు. పక్కనున్న జనరల్ జెంకిన్స్ ప్రాణం పోయింది. లాంగ్‌స్ట్రీట్ గొంతులోంచి భుజంలోకి తూటా దూసుకుపోయింది. ఏడాది కిందట జాక్సన్ సొంతవాళ్ళ తూటాకి పడిపోయిన చోటు అక్కడికి నాలుగైదు మైళ్ళే. స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే మొహం మీద టోపీ కప్పి ఉంది. జనరల్ పోయాడని సైనికులు గోలపెడుతుంటే ఎడమచేత్తో ఆ టోపీ కాస్త పైకెత్తాడు. కేకలతో అడవి మారుమోగింది.

బతికాడు గానీ కుడిచెయ్యి చచ్చుబడింది. గొంతు బొంగురుపోయింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని అక్టోబరులో మళ్ళీ విధుల్లో చేరాడు. 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయేదాకా పక్కనే ఉన్నాడు. గ్రాంట్ ఎలాంటి షరతులు పెడతాడోనని లీ బెంగపడుతుంటే, నాకు తెలుసు, మర్యాదగానే చూస్తాడని ధైర్యం చెప్పాడు. అలాగే జరిగింది. లొంగుబాటు వివరాలు ఖరారు చెయ్యడానికి దక్షిణాది తరఫున ముగ్గుర్ని నియమించారు. లాంగ్‌స్ట్రీట్, గోర్డన్, పెండిల్‌టన్. ఈ మూడో పేరు గుర్తుపెట్టుకోండి.

అసలు నేరం

యుద్ధం ముగిశాక లాంగ్‌స్ట్రీట్ న్యూ ఆర్లియన్స్‌లో పత్తి వ్యాపారం, బీమా వ్యాపారం చేసుకుంటూ బాగానే కుదురుకున్నాడు. 1867లో కేంద్ర ప్రభుత్వం దక్షిణాదిలో నల్లజాతి మగవాళ్ళకు ఓటు హక్కు ఇవ్వాలని చట్టం చేసింది. ఏం చేద్దామని అక్కడి పత్రికలు పెద్దలను అడిగాయి. లాంగ్‌స్ట్రీట్ ఉన్నమాట రాశాడు. మనం కత్తితో తేల్చుకుందామన్నాం, ఓడిపోయాం, గెలిచినవాళ్ళ చట్టాన్ని ఒప్పుకుందాం అని. అందులో నల్లవాళ్ళ మీద ప్రేమేమీ లేదు. కలిసి నడిస్తే పరిపాలనలో తెల్లవాళ్ళ పట్టు నిలుస్తుందన్న లెక్కే ఎక్కువ. అచ్చు వెయ్యకముందు బాబాయికి చూపిస్తే, ఇది వేశావంటే నీ బతుకు పాడవుతుందని హెచ్చరించాడట ఆ పెద్దాయన.

అక్షరాలా అదే జరిగింది. వ్యాపారం దెబ్బతింది. వీధిలో పాత మిత్రులు మొహం తిప్పుకున్నారు. లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్లలో చేరాక ద్రోహి అన్నారు. అధ్యక్షుడైన గ్రాంట్ 1869లో న్యూ ఆర్లియన్స్ కస్టమ్స్‌లో ఉద్యోగం ఇచ్చాడు. కానీ తిరస్కారం ఆయన్ని వెనక్కి తగ్గించకపోగా ఇంకా ముందుకు నెట్టింది. లూసియానా రాష్ట్ర మిలీషియాకు అధిపతి అయ్యాడు. అందులో నల్లజాతి సైనికులూ ఉన్నారు.

1874 సెప్టెంబరు 14న ఎన్నికైన ప్రభుత్వాన్ని పడగొట్టడానికి ‘వైట్ లీగ్’ అనే ముఠా వేలమందితో ఆయుధాలు పట్టుకుని నగరం వీధుల్లోకి వచ్చింది. వాళ్ళలో చాలామంది దక్షిణాది మాజీ సైనికులే. వాళ్ళకు అడ్డంగా పోలీసులతో, నల్లజాతి మిలీషియాతో నిలబడ్డది లాంగ్‌స్ట్రీట్. పదేళ్ళ కిందట తన వెనక నడిచినలాంటివాళ్ళే ఇప్పుడు ఆయన మీద కాల్చారు. తూటా తగిలింది, గుర్రం మీంచి లాగి బందీగా పట్టుకున్నారు. కొద్ది రోజులకు కేంద్ర సైన్యం వచ్చి పరిస్థితి చక్కదిద్దింది. ఆ ముఠా గుర్తుగా 1891లో నగరంలో ఒక స్తంభం కూడా నిలబెట్టారు. దాన్ని తీసేసింది ఎప్పుడో తెలుసా? 2017లో!

చనిపోయినవాడి పేరు మీద తీర్పు

1870లో లీ చనిపోయాడు. అప్పటికే ఆయన దక్షిణాదికి దేవుడయ్యాడు. దేవుడు ఓడిపోకూడదు కదా! మరి ఎవరివల్ల ఓడినట్టు? 1872 జనవరిలో జూబల్ ఎర్లీ అనే మాజీ జనరల్ లీ పేరున్న విద్యాసంస్థలో ఉపన్యసిస్తూ గెటిస్‌బర్గ్ తప్పంతా లాంగ్‌స్ట్రీట్ ఆలస్యానిదే అన్నాడు. మరుసటి ఏడాది పెండిల్‌టన్ ఇంకో అడుగు ముందుకేశాడు. జులై 2న సూర్యోదయానికే దాడి చెయ్యమని లీ ఆజ్ఞ ఇచ్చాడనీ, లాంగ్‌స్ట్రీట్ పాటించలేదనీ ప్రకటించాడు. అపొమాటాక్స్‌లో ఈయన పక్కన కూర్చుని లొంగుబాటు వివరాలు రాసింది ఈ పెండిల్‌టనే.

లాంగ్‌స్ట్రీట్ లీ దగ్గర పనిచేసిన అధికారులకు ఉత్తరాలు రాశాడు. అలాంటి సూర్యోదయపు ఆజ్ఞ ఏదీ మాకు తెలియదని వాళ్ళు జవాబిచ్చారు. ఏం లాభం? అప్పటికే ఆ మాట పుస్తకాల్లోకి, ప్రసంగాల్లోకి పాకిపోయింది. లీ బతికుండగా ఈ నేరం ఎవరూ మోపలేదు. లాంగ్‌స్ట్రీట్ నల్లజాతి సైనికుల ముందు నిలబడ్డాకే ఆయన గెటిస్‌బర్గ్‌లో ఆలస్యం చేశాడని గుర్తొచ్చింది!

ఆయన తనకు తనూ మేలు చేసుకోలేదు. కోపంతో రాసిన వ్యాసాల్లో లీని ఘాటుగా తప్పుపట్టాడు, కొన్నిచోట్ల గొప్పలు పోయాడు, ఒకదానికొకటి పొసగని మాటలు రాశాడు. శత్రువులకు అంతకన్నా ఏం కావాలి?

నేల మీద నిలబడ్డ విగ్రహం

తర్వాత టర్కీలో అమెరికా రాయబారిగా, జార్జియాలో ఫెడరల్ మార్షల్‌గా పనిచేశాడు. గెయిన్స్‌విల్‌లో హోటల్ నడిపాడు, టర్కీ కోళ్ళు పెంచాడు. 1889లో ఇల్లు తగలబడి యుద్ధకాలపు జ్ఞాపకాలన్నీ కాలిపోయాయి. తేదీ ఏప్రిల్ 9, సరిగ్గా లీ లొంగిపోయిన రోజు. ఆ ఏడాదే భార్య లూయిస్ పోయింది. 1896లో తన జ్ఞాపకాలు పుస్తకంగా తెచ్చాడు. 76వ ఏట హెలెన్ డార్ట్చ్ అనే 34 ఏళ్ళ ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. 1904 జనవరి 2న, 83వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు కన్నుమూశాడు.

మామూలు సైనికుల లెక్క మాత్రం వేరు. 1886లో అట్లాంటాలో ఒక విగ్రహావిష్కరణ సభకు పిలుపు లేకుండానే పాత యూనిఫారం వేసుకుని వెళ్ళాడు. వేదిక మీదున్న జెఫర్సన్ డేవిస్, అంటే ఒకప్పటి కాన్ఫెడరసీ అధ్యక్షుడు, లేచొచ్చి కౌగిలించుకున్నాడు. ముసలి సైనికులు గొంతులు పోయేలా కేకలేశారు. ఎవరి మాట విని ప్రాణాలొడ్డారో వాళ్ళకు తెలుసు.

హెలెన్ భర్త పేరు నిలబెట్టడానికి బతికినంతకాలం పోరాడింది. ఎనభై దాటాక రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కర్మాగారంలో రివెట్లు కొట్టిన గట్టి మనిషి ఆవిడ. 1962లో పోయింది. 1974లో మైఖేల్ షారా రాసిన ‘ద కిల్లర్ ఏంజెల్స్’ నవల, తర్వాత దాని ఆధారంగా 1993లో వచ్చిన ‘గెటిస్‌బర్గ్’ సినిమా జనాన్ని మళ్ళీ లాంగ్‌స్ట్రీట్ వైపు చూసేలా చేశాయి.

గెటిస్‌బర్గ్ రణరంగం నిండా వెయ్యికి పైగా స్మారకాలున్నాయి. లీ విగ్రహమైతే ఎత్తయిన పీఠం మీద గుర్రమెక్కి కనబడుతుంది. లాంగ్‌స్ట్రీట్‌కి చాలాకాలం విగ్రహమే లేదు. చివరికి 1998 జులై 3న, సరిగ్గా ఆ తల ఊపిన రోజుకు 135 ఏళ్ళు నిండిన నాడు, అక్కడొక విగ్రహం వెలిసింది. దానికి పీఠం లేదు. చెట్ల మధ్య, నేల మీదే గుర్రం, దాని మీద ఆయన. చూడటానికొచ్చినవాళ్ళు తల ఎత్తి దండం పెట్టక్కర్లేదు. దగ్గరికెళ్ళి పక్కన నిలబడొచ్చు.